పడవ లోపలి నేల మార్చి నాలుగేళ్లు దాటాక

2021 ఫిబ్రవరిలో మా తెరచాప పడవ లోపలి చెక్క నేలంతా తీసేసి కొత్తది వేశాం. 26 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ, 1980ల నాటిది. మా బావా నేనూ కలిసి కొన్నాం, చెన్నై హార్బర్‌లో ఉంటుంది. అప్పటినుంచి నాలుగు వానాకాలాలు గడిచాయి కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాయగలను.

పాత నేల పైకి బాగానే కనిపించేది. మెట్ల కింద పలక మీద కాలు పెడితే మాత్రం మెత్తగా దిగేది. ఎత్తి తిరగేస్తే, గోటితో గీకితే చాలు, నానిన అట్టలా పొరలు పొరలుగా ఊడొచ్చింది. పైన వార్నిష్ మాత్రం ఇంకా మెరుస్తూనే ఉంది. అంటే నీళ్లు పైనుంచి దిగలేదు. పడవ అడుగున చేరిన నీటి చెమ్మ కోసిన అంచుల్లోంచి, స్క్రూ రంధ్రాల్లోంచి ఎక్కింది. నేల మార్చేవాళ్లు చెక్క రకం గురించి ఎంత ఆలోచిస్తారో అంచుల గురించి అంతకు రెట్టింపు ఆలోచించాలి.

మేం వాడింది 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై (నీటికి తట్టుకునేలా చేసిన ప్లైవుడ్), పైన టేకు వెనీర్ (పల్చటి టేకు పొర). మొదట ఒక షాపులో మెరైన్ అని చెప్పి ఇచ్చిన షీట్‌లోంచి చిన్న ముక్క కోసి ఇంట్లో గిన్నెలో మరిగించాను. మూడో గంటకే పొరలు విచ్చుకున్నాయి. మెరైన్ ప్లైకి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 710 ప్రకారం చేసిన ప్లై 72 గంటలు మరిగినా విడిపోకూడదు. తర్వాత చెన్నైలో ప్లైవుడ్ షాపులుండే సిడెన్‌హామ్స్ రోడ్డంతా తిరిగి, షీట్ మీద ఆ నంబరు, ఐఎస్ఐ గుర్తు చూసి తెచ్చాను. దాని ముక్క ఆదివారం పొద్దున్నించి రాత్రిదాకా మరిగినా చెక్కుచెదరలేదు.

పాత పలకల్నే అచ్చుగా పెట్టి కొత్తవి కోశాం. పలకకీ పలకకీ మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదిలాం. బిగుతుగా ఉంటే చూడ్డానికి బాగుంటుందని వడ్రంగి మేస్త్రి పట్టుబట్టాడు గానీ, వానల్లో చెక్క ఉబ్బితే పలక ఇరుక్కుపోయి, ఎత్తినా పైకి రాదు. ఏ లీకైనా అడుగునే కదా చూసుకోవాల్సింది!

అన్ని అంచులకీ, అడుగు వైపుకీ ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్) ఒకదాని మీద ఒకటి మూడు పూతలు, అంటే మూడు కోట్లు, వేశాం. టేకులో నూనె ఉంటుంది కాబట్టి ముందు అసిటోన్‌తో తుడవాలి. మన ఎండకి కలిపిన ఎపాక్సీ కప్పులోనే గట్టిపడిపోతుంది, అందుకే తెల్లవారుజామున పని పెట్టుకున్నాం. ఇక్కడి తేమకి ఆరిన కోటు మీద జిడ్డుగా ఒక పొర తేలుతుంది. మంచినీళ్లతో కడిగి, గరుకు కాగితం పట్టాకే తర్వాతి కోటు వేయాలి. స్క్రూ పడే ప్రతిచోటా పెద్ద రంధ్రం చేసి, చిక్కటి ఎపాక్సీ నింపి, అది గట్టిపడ్డాక మధ్యలో చిన్న రంధ్రం చేశాం. ఈ ఒక్క పనికే రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులకీ విలువుంది. ఇప్పటికీ ఏ స్క్రూ చుట్టూ నల్ల మచ్చ లేదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వానకి పడవలోకి నీళ్లు చేరి నేల మునిగింది. మేం వెళ్లేసరికి రెండు రోజులైంది. ఎనిమిది పలకలూ బయటికి తీసి, కడిగి, నీడలో ఆరబెట్టాం. ఏదీ వంగలేదు. తిరిగి పెడితే ఎక్కడివక్కడ కూర్చున్నాయి. మా బావ ఒక్కో పలకనీ అరచేత్తో నిమిరి చూశాడు.

నచ్చనిది వెనీర్. అర మిల్లీమీటరు కూడా ఉండదు, ఒకసారి గరుకు కాగితం పడితే రెండోసారికి మిగలదు. స్టవ్ ముందు నిలబడే చోట అరిగి, అరచేయంత మేర కింది ప్లై కనిపిస్తోంది. మెరిసే వార్నిష్ కూడా తప్పే. తడికాళ్లకి జారుతోందని ఏడాదికే పైన మెరుపు తక్కువది వేశాం.

స్టవ్ ముందు పలక ఒక్కటే ఈసారి మారుస్తున్నాం, ప్లై మీద 4 మిల్లీమీటర్ల గట్టి టేకు పట్టీలు అతికించి. మిగతా ఏడింటినీ ముట్టుకోవడం లేదు.