మా లంకల రేడియోలో ఈ తొలకరి కార్యక్రమాలు

కోనసీమ లంక గ్రామాల (గోదావరి పాయల మధ్య ఉన్న ఊళ్ల) నడుమ ఒక స్వచ్ఛంద సంస్థ నడుపుతున్న చిన్న సామాజిక రేడియో, జూన్ నుంచి ప్రసారం చేయబోయే కార్యక్రమాల పట్టికను ఊరూరా పంచాయతీ కార్యాలయాల గోడలకు అంటించింది. వాటిలో కొన్నింటి నమూనా భాగాలను మే నెల సాయంత్రాల్లో వినిపించింది కూడా. ఆ పట్టిక చదివి, ఆ నమూనాలు విని రాస్తున్న సమీక్ష ఇది. ఈ ప్రాంతానికి ఏం చెప్పాలో ఈ రేడియోవారికి బాగా తెలుసు. ఏ వేళకు చెప్పాలన్న దగ్గరే అక్కడక్కడా గురి తప్పింది.

పట్టికలో అన్నిటికంటే విలువైనది వారానికి రెండు సాయంత్రాలు వచ్చే కాలువ నీటి కార్యక్రమం. గోదావరి ఆనకట్ట ఉన్న ధవళేశ్వరం దగ్గర డెల్టా కాలువలకు నీరు వదిలారన్న వార్త పత్రికల్లో వస్తుంది, ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచీ వస్తుంది. అయితే ఆ నీరు ప్రధాన కాలువ దాటి, లాకులు (కాలువకు అడ్డంగా ఉండే తలుపులు) దాటి, శివారు చేలకు పారే పంట బోదెలోకి ఏ రోజుకు చేరుతుందన్నది రాష్ట్రమంతటితో మాట్లాడే కేంద్రం చెప్పగలిగే సంగతి కాదు. ఈ రేడియో చెబుతానంటున్నది సరిగ్గా అదే. నమూనా భాగంలో పదవీ విరమణ చేసిన ఒక లస్కరు (కాలువలనూ లాకులనూ చూసుకునే ఉద్యోగి) మాట్లాడారు. వేసవంతా ఎండిన కాలువ అడుగు ముందు వచ్చే నీటిని తానే తాగేస్తుందనీ, గుర్రపుడెక్క పేరుకున్న మలుపుల దగ్గర నీరు నిలబడిపోతుందనీ, ఎగువ రైతు తన నారుమడి తడిసిన తరువాత కూడా మడవ (చేలోకి నీరు పారే గండి) కట్టకపోతే దిగువ ఊరికి వంతు తప్పుతుందనీ ఆయన నిదానంగా, ఒక్కొక్క లాకు పేరు చెబుతూ వివరించిన తీరు వింటే, ఇంతకాలం ఈ మాటలు ఏ రేడియోలోనూ ఎందుకు రాలేదని అనిపించింది. నారుమడి ఆలస్యమైతే ఊడ్పులు ఆలస్యమవుతాయి, ఊడ్పులు ఆలస్యమైతే సార్వా (వానాకాలపు వరి) కోత నవంబరు తుపానుల నోట పడుతుంది. 1996 నవంబరు 6 నాటి తుపానును చూసినవారికి ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక నిబంధన గుర్తుంచుకోవాలి. సామాజిక రేడియోలు సొంతంగా వార్తలు తయారుచేసి చదవకూడదు; నీటి సరఫరా, విద్యుత్తు, ప్రకృతి వైపరీత్యాల విషయంలో స్థానిక యంత్రాంగం ఇచ్చే ప్రకటనలను మాత్రం వినిపించవచ్చు. కాబట్టి జలవనరుల శాఖ సిబ్బంది ఏ రోజు సమాచారం ఆ రోజే ఇస్తేనే ఈ కార్యక్రమం నిలబడుతుంది. మరొక లోటు కూడా చెప్పాలి. నీరు రావడం గురించి ఇంత శ్రద్ధగా ఆలోచించినవారు నీరు దిగడం గురించి, అంటే డ్రెయిన్ల గురించి, ఒక్క భాగమైనా పెట్టలేదు. 2011లో కోనసీమ రైతులు సార్వా సాగు మానుకుని పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ముంపు బాధ కూడా గట్టిగా వినిపించిన మాటే.

కొబ్బరి కార్యక్రమం బాగుంది. దింపు కార్మికులనూ ఒలుపు కార్మికులనూ మాట్లాడించడం మంచి ఆలోచన. కొబ్బరి ఆకుల రసం పీల్చే సర్పిలాకార తెల్లదోమ కనపడగానే ఘాటైన మందులు కొడితే దాన్ని అదుపు చేసే ఎన్కార్సియా అనే మిత్ర పురుగు కూడా చచ్చిపోతుందని ఒక రైతు తన తోటను చూపిస్తున్నట్టుగా చెప్పారు. సినిమా పాటల గంట, పిల్లల పద్యాలు ఎప్పటిలాగే ఉన్నాయి. ఆరోగ్య కార్యక్రమం భాష మాత్రం కరపత్రం చదువుతున్నట్టుంది. 2008లో జహీరాబాద్ దగ్గర మాచునూరులో పల్లె మహిళలు మొదలుపెట్టిన సంఘం రేడియోకు బలం వాళ్ల సొంత మాటే. మా లస్కరు మాటకున్న జీవం ఈ కార్యక్రమానికీ రావాలంటే ఊళ్లో తిరిగే ఆశా కార్యకర్తల చేతనే మాట్లాడించాలి.

రొయ్యల చెరువుల కార్యక్రమంలో విషయం దిట్టంగా ఉంది, వేళ సరిగా లేదు. చెరువులో ప్రాణవాయువు బాగా పడిపోయేది తెల్లవారుజామున. పగలంతా మబ్బు పట్టి ఉంటే నీటిలోని నాచు తగినంత ప్రాణవాయువును తయారు చేయలేదు, రాత్రి అది కూడా ఉన్నదాన్నే వాడుకుంటుంది, దానితో సూర్యోదయానికి ముందు రొయ్యలు నీటి పైకి తేలిపోతాయి. నీటికి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఎప్పుడు వేయాలో చెప్పే కార్యక్రమాన్ని ఉదయం 9 గంటలకు పెడితే అప్పటికి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. ముందు రోజు సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య, ఆ రోజు మబ్బును బట్టి చెబితే రైతుకు పనికివస్తుంది.

జూలై ఆదివారాలకు పెట్టిన వరద కార్యక్రమం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. ఈ అంకెలు లంకల్లో అందరికీ నోటికి వచ్చినవే. ఏ అంకెకు ఏ కాజ్‌వే మునుగుతుంది, ఏ రేవులో పడవలు ఆపుతారు, పశువులను ఏటిగట్టు మీదికి ఎప్పుడు తోలాలి అన్నది మాత్రం పెద్దవాళ్ల జ్ఞాపకంలోనే ఉంది. ఆ జ్ఞాపకాన్ని ఈ కార్యక్రమం రికార్డు చేస్తోంది. 1986 ఆగస్టు వరదను చూసిన ఒక పెద్దావిడ, విత్తనం వడ్లు అటకెక్కించి, పొయ్యిని గంపలో పెట్టుకుని గట్టెక్కామని, దూడ తాడు మాత్రం చేత్తో విప్పే వ్యవధి లేక కొడవలితో కోశామని చెప్పారు. అంత మంచి మాటల కింద వీణ సంగీతం పెట్టడం వల్ల కొన్ని పదాలు వినపడలేదు. దాన్ని తీసేసి ప్రసారం చేయాలని కోరుతున్నాను.

ఇలాంటి కేంద్రానికి అనుమతించే శక్తి మామూలుగా 100 వాట్లే కాబట్టి ప్రసారం పది, పదిహేను కిలోమీటర్లకు మించి వెళ్లదు. డెల్టా చదునుగా ఉండడం కొంత మేలు. ఫోనులో వినేవారు ఇయర్‌ఫోన్ తీగ తగిలించాలి, ఎఫ్ఎం సదుపాయం లేని కొత్త ఫోన్లు ఉన్నవారికి చిన్న రేడియో కొనుక్కోవడమే దారి. వరద రోజుల్లో లంకలకు కరెంటు తీసేస్తారు, ఫోన్లు ఛార్జింగు అయిపోతాయి, బ్యాటరీ రేడియోకు అసలు పని అప్పుడే పడుతుంది. ఆ రోజుల్లో స్టూడియో ఆగకుండా జనరేటరు, డీజిలు ఏర్పాటు ఏమిటన్నది పట్టికలో ఎక్కడా రాయలేదు. జూలై రాకముందే ఆ ఏర్పాటు చేసి, అదే గోడల మీద ఆ సంగతి కూడా అంటించాలి.