పసిపిల్లల తలలో బ్లీడింగ్ అనుమానం: సీటీనా, ఎంఆర్ఐనా?

"సీటీ అంటే రేడియేషన్ కదా డాక్టర్ గారూ, డైరెక్ట్‌గా ఎంఆర్ఐ తీసేయొచ్చుగా" అని అడగని పేరెంట్స్ లేరు, అందుకే రాసి పెడుతున్నా. మెదడు పైపొరల మధ్య చేరే రక్తం, సబ్‌డ్యూరల్ అంటామే, దాని గురించి.

అల్ట్రాసౌండ్ సంగతి ముందే తేల్చేద్దాం. మాడు పూడకముందు మంచం దగ్గరే తీయొచ్చు, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకి మెదడు లోపలి బ్లీడింగ్ చూడ్డానికి భేషుగ్గా పనికొస్తుంది. కానీ పుర్రెని అంటుకుని పక్కల్లో పల్చగా చేరిన రక్తం దీనికి తేలిగ్గా తప్పిపోతుంది, కాబట్టి అల్ట్రాసౌండ్ నార్మల్ అనగానే ఊపిరి పీల్చుకోకండి.

వివరం కావాలంటే ఎంఆర్ఐనే, అందులో డౌట్ లేదు. మెదడు ఎంత దెబ్బతింది, రక్తం పాతదా కొత్తదా (తేదీ చెప్పేంత కాదులెండి) అన్నీ సీటీ కన్నా బాగా తెలుస్తాయి. కానీ నా లెక్కలో తేల్చేది రేడియేషన్ కాదు, టైమ్. బిడ్డ మగతగా ఉంది, వాంతులు, ఫిట్స్, మాడు ఉబ్బి గట్టిగా ఉంది, అలాంటి బిడ్డకి మత్తిచ్చి అరగంట ముప్పావుగంట ఆ మెషీన్‌లో పెట్టడం నాకు భయం, లోపల ఊపిరి తగ్గితే బయటికి తీసి చూసుకునే లోపు ఆలస్యమైపోతుంది. సీటీ సెకన్లలో అయిపోతుంది, చాలాసార్లు మత్తే అక్కర్లేదు, ఇప్పుడు ఆపరేషన్ కావాలా వద్దా అన్నది తేలిపోతుంది, డోసు కూడా పిల్లలకి తగ్గట్టు తగ్గిస్తారు. ఎంఆర్ఐ బిడ్డ కుదుటపడ్డాక.

అదే పాలు బాగా తాగుతూ హుషారుగా ఉండి తల చుట్టుకొలత మాత్రం చార్టులో గీతలు దాటి పెరుగుతోందనుకోండి, అప్పుడు ఎంఆర్ఐతోనే మొదలుపెడతా. బాగా చిన్నపిల్లలైతే పాలు పట్టి గుడ్డలో గట్టిగా చుట్టి నిద్రపుచ్చి మత్తు లేకుండానే తీసేయొచ్చు.

స్కాన్ ఏదైనా పక్కనే క్లాటింగ్ టెస్టులు (రక్తం సరిగ్గా గడ్డకడుతోందా అని చూసేవి) వెళ్ళాలి. పుట్టగానే విటమిన్ కె ఇంజెక్షన్ పడని, తల్లిపాలే తాగే పిల్లలకి ముఖ్యంగా 2 నుంచి 12 వారాల మధ్య ఇలా బ్లీడింగ్ అవ్వొచ్చు, అలాంటి పిల్లలకి తలలో రక్తం తీయడానికి సూది పెట్టే ముందు విటమిన్ కె, ప్లాస్మా (రక్తంలో గడ్డకట్టడానికి పనికొచ్చే ద్రవభాగం) ఎక్కించాలి. ఇంట్లోవాళ్ళు చెప్పిన దెబ్బకీ స్కాన్‌కీ పొంతన లేకపోతే రెటీనా (కంటి లోపలి పొర), ఒళ్ళంతా ఎముకల ఎక్స్‌రేలు చూస్తాం, ఎవరినో అనుమానించి కాదు, బిడ్డ కోసం.

ఇక ట్రీట్‌మెంట్: కొంచెమే ఉంటే తల కొలుస్తూ గమనించడమే, ప్రెషర్ ఉంటే మాడు అంచు నుంచి సూదితో తీయడం, మళ్ళీ చేరుతుంటే కొన్ని రోజులు డ్రెయిన్ (బయటికి తీసే గొట్టం), అప్పటికీ ఆగకపోతేనే పొట్టలోకి షంట్ (ఒంటి లోపలే ఉండి తల నుంచి పొట్టలోకి తీసుకెళ్ళే సన్న గొట్టం).