మా తమ్ముడి టమాటా ధరల ఫైలుతో పైథాన్ మీటప్‌కి వెళ్లాను

మదనపల్లెలో మా తమ్ముడిది టమాటా మండీ. రోజూ ధరలు ఎక్సెల్‌లో రాసిపెట్టుకోవడం వాడికి అలవాటు. 2023 జూలైలో ధరలు మండిపోయినప్పటి లెక్కలు కూడా ఉన్న ఫైలు పంపి, "అక్కా, ఏ నెల ఎంత పెరిగిందో గ్రాఫ్ గీసిపెట్టు" అన్నాడు. నేను బెంగళూరు మారతహళ్లిలో ఒక కంపెనీ అకౌంట్స్‌లో పని చేస్తూ పాండాస్ నేర్చుకుంటున్నాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పట్టికల లెక్కలు చేయడానికి వాడే రెడీమేడ్ కోడ్ అది. గ్రాఫ్ గీస్తే జనవరిలో ఒక రోజు, ఫిబ్రవరిలో ఒక రోజు, ఇలా ప్రతి నెలా ఒక రోజు ధర ఒక్కసారిగా ఎగిరి పడిపోతోంది. రెండు వారాలు కుస్తీ పట్టాను. చివరికి ఆ ఫైలు పట్టుకునే ఇందిరానగర్‌లో శనివారం జరిగిన పైథాన్ మీటప్‌కి వెళ్లాను.

ప్రవేశం ఉచితం. ముందుగా పేరు నమోదు చేసుకుని, గేటు దగ్గర ఐడీ కార్డు చూపిస్తే చాలు. పదింటికి అన్నారు కానీ ప్రొజెక్టర్ కుదరక పదిన్నర దాటింది. అందరూ ఒకే వైఫై మీద పడటంతో పాండాస్ లాంటి లైబ్రరీ ఒక్కటీ డౌన్‌లోడ్ కాలేదు. వెళ్లేవాళ్లు కావలసినవన్నీ ఇంట్లోనే ఇన్‌స్టాల్ చేసుకోండి.

మొదటిది జాంగో సెషన్, అంటే పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే సాధనం గురించి. జాంగో అమెరికాలోని లారెన్స్ అనే ఊళ్లో ఒక దినపత్రిక ఆఫీసులో పుట్టిందట, 2005లో అందరికీ విడుదల చేశారట. సైట్‌లో సమాచారం ఎక్కించే దాని అడ్మిన్ పేజీ అంత సులువుగా ఎందుకుంటుందో అప్పుడు తెలిసింది. పత్రికలో పనిచేసేవాళ్లు కోడ్ రాయకుండా వార్తలు ఎక్కించాలి కదా. తర్వాత యాభై ఆర్డర్లు, ఒక్కోదాని పక్కన కస్టమర్ పేరు ఉన్న పేజీ చూపించారు. పేజీ వెనక ఏం జరుగుతోందో చూపే డీబగ్ టూల్‌బార్ తెరిస్తే 51 క్వెరీలు, అంటే డేటాబేస్‌ను 51 సార్లు అడగడం! ఆర్డర్లకు ఒకటి, పేర్లకు యాభై. సెలెక్ట్ రిలేటెడ్ అనే ఆదేశం చేర్చగానే రెండు పట్టికలనూ కలిపే జాయిన్‌తో ఒకే క్వెరీ అయింది. ఇంతవరకు బాగుంది. సర్వర్ మీదకు ఎక్కించే భాగం మాత్రం పరుగులు పెట్టించారు. అక్షరాలు చిన్నవి, వెనక వరుసకు ఏమీ కనపడలేదు.

టీ తర్వాత డేటా అనాలిసిస్. ఈ మీటప్‌కి మళ్లీ మళ్లీ వెళ్లాలనిపించింది దీనివల్లే. ఉపన్యాసం అరగంటే. ఆ తర్వాత ఎవరి ఫైలు వాళ్లు తెరుచుకుంటే వాలంటీర్లు పక్కన కూర్చుని చూస్తారు. నా దగ్గరికి వచ్చిన కడప అబ్బాయి ముందు అడిగిన మాట, "మీ పాండాస్ వెర్షన్ ఎంతక్కా?"

నాది 1.5. మనం 03/07 అని రాస్తే జూలై 3. పాండాస్ దాన్ని నెల ముందు పెట్టి మార్చి 7గా చదువుతుంది. 13/07 వచ్చేసరికి పదమూడో నెల లేదు కాబట్టి, పాత వెర్షన్ దాన్ని జూలై 13గానే తీసుకుని ముందుకు పోతుంది. జూలై మొదటి పన్నెండు రోజులు ఏడాదంతా చెదిరిపోయి ఒక్కో నెలలో ఏడో తేదీ కింద పడ్డాయి. నా గ్రాఫ్‌లో ధర ఒక్కసారిగా ఎగిరిన రోజులు అవే. 2023 ఏప్రిల్‌లో వచ్చిన 2.0 నుంచి, తేదీలను చదివే టు డేట్‌టైమ్ ఇలాంటి చోట ఆగిపోయి ఎర్రర్ చూపిస్తుందట. రోజే ముందు అని చెప్పే డే ఫస్ట్ ట్రూ పెట్టించాడు, జూలై అంతా ఒక్క చోటికి వచ్చింది. పైగా తేదీలు మార్చాక, ఏ నెలలో ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్కపెట్టి చూసుకోమన్నాడు. ఇప్పుడు ఆఫీసు ఫైళ్లకూ అదే చేస్తున్నాను. ఆ అబ్బాయి ఓపికకు ఎన్ని థ్యాంక్స్ చెప్పినా తక్కువే.

చివరి పావుగంట ఒక కంపెనీ వాళ్ల ఉద్యోగాల ప్రకటనకు పోయింది. ఆ టైమ్ కూడా ఫైళ్లకే ఇచ్చి ఉంటే, నా పక్కన కూర్చున్న అమ్మాయి సమస్య కూడా తెగేది. పదిమంది ఎదురుచూస్తుంటే వాలంటీర్లు ముగ్గురే. జాంగోలో కొత్తవాళ్లకు విడిగా ఒక టేబుల్ పెట్టమని అడిగాను, వచ్చే నెల పెడతామన్నారు. పేరు ఇచ్చి వచ్చాను. ఈసారి ముందు వరుసలోనే కూర్చుంటాను.