మ్యూజియం ట్రిప్పుకు 20 లీటర్ల బ్యాగు
హన్మకొండ చౌరస్తాలో కొన్న ఈ వీపు బ్యాగు, మ్యూజియంలు చూడటానికి హైదరాబాద్ పోయే మా వయసువాళ్లకు బాగా పనికొస్తుంది. రెండు జతల కాటన్ బట్టలు, తువ్వాల, బీపీ గోలీలు, నీళ్ల సీసా పెట్టినా కాజీపేట స్టేషన్ మెట్లెక్కేటప్పుడు భుజం గుంజలేదు. సాలార్‌జంగ్‌లో బ్యాగు కౌంటర్లో అప్పజెప్పాలి కదా, అందుకే ముందున్న చిన్న సంచి విడిగా ఊడొచ్చి నడుముకు కట్టుకునేలా ఉండటం నాకు తెగ నచ్చింది. గోలీలు, కళ్లద్దాలు, ఫోను అందులో వేసుకుని, గంటగంటకూ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే ఆ గడియారం ముందు చేతులూపుకుంటూ నిలబడొచ్చు. జిప్పు మాత్రం నాసిరకం. మూల తిరిగే దగ్గర లోపలి గుడ్డ ఇరుక్కుంటుంది, కొవ్వొత్తి రుద్దితే కొంత నయం. ధరకు తగ్గ సరుకే. అన్నట్టు, శుక్రవారం పోకండి, ఆ రోజు సాలార్‌జంగ్ బంద్.