రంగు వేసిన టమగోచీ కొనే ముందు వెనక మూత తీయించండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల టమగోచీలు (చిన్న తెర మీద గుడ్డు నుంచి పుట్టిన పిల్లను పెంచే ఎలక్ట్రానిక్ బొమ్మలు) సేకరించేవారికీ, వాటికి రంగులు వేయించుకునేవారికీ ఈ హెచ్చరిక. '1997 నాటి అసలు ముక్క, చేత్తో అలంకరించినది' అని చెప్పి నాకు 4,500 రూపాయలకు అమ్మినది అసలు టమగోచీయే కాదు. బొమ్మల దుకాణాల్లో కొన్ని వందలకు దొరికే నకిలీని తెచ్చి, పైన రంగు పూసి, రాళ్లు అంటించి అంటగట్టారు. అదే మనిషి ఇంకా అమ్ముతున్నారు కాబట్టి రాయక తప్పడం లేదు.

ఫొటోల్లో అది చూడముచ్చటగా ఉంది. లేత వంగపండు రంగు డొప్ప, తెర చుట్టూ ముత్యాల వరస, బటన్ల మీద చిన్న పువ్వులు. బెంజి సర్కిల్ దగ్గర చేతికిచ్చారు. ఆన్ చేసి చూపించమంటే, "సెల్స్ తేలేదు అక్కా, ఇంటికి వెళ్లి వేసుకోండి, గుడ్డు వస్తుంది" అన్నారు. గుంటూరు వచ్చి సెల్స్ వేస్తే గుడ్డు లేదు. కుక్క, పిల్లి, డైనోసార్ బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి, ఏది కావాలో ఎంచుకోమన్నాయి.

అసలుది ఎప్పుడూ అలా అడగదు. 1996 నవంబర్ 23న జపాన్‌లో బండాయ్ అనే బొమ్మల కంపెనీ విడుదల చేసిన మొదటి రకంలో ముందు గడియారం సరిచేయాలి. తెర మీద గుడ్డు కదులుతూ ఉంటుంది. అయిదు నిమిషాలకు పిల్ల బయటికి వస్తుంది. జంతువుల పట్టిక ఉండదు. కాబట్టి అమ్మేవారి ఎదుటే సెల్స్ వేయించి, పిల్ల వచ్చేదాకా కూర్చోండి. సెల్స్ మీరే తీసుకెళ్లండి. పాత రకానికి ఎల్‌ఆర్44 అనే చిన్న బటన్ సెల్స్ రెండు పడతాయి. పెద్ద బిళ్లలా ఉండే సీఆర్2032 ఒక్కటే పడితే అది ఇటీవల మళ్లీ విడుదల చేసిన రకం. అది నకిలీ కాదు గాని, దాన్ని 1997 నాటిదని చెప్పి ఎక్కువ ధర అడిగితే అదీ మోసమే.

వెనక భాగం తప్పకుండా చూడండి. అసలు వాటి మీద బండాయ్ పేరు ప్లాస్టిక్‌లోనే పోతపోసి ఉంటుంది. నాకిచ్చినదానికి వెనకంతా పుట్టీ పెట్టి నున్నగా చేసి రంగు కొట్టారు. పేరు ఎందుకు కనిపించడం లేదంటే 'డిజైన్ కోసం' అని జవాబు. డిజైన్ కోసం పేరు పూడ్చేసే పనివారు ఉండవచ్చు, కానీ పూడ్చకముందు తీసిన ఫొటో వారి దగ్గర ఉంటుంది. ఇంకో మాట. లోపలి సర్క్యూట్ బోర్డు మీద చిప్‌ను కప్పిన నల్లటి ముద్ద కనిపిస్తే నకిలీ అని చాలామంది అనుకుంటారు. అది అసలు వాటిలోనూ ఉంటుంది, దాన్నిబట్టి ఏదీ తేల్చలేం.

ఇక పనితనం. రంగు ఆరినట్టే కనిపిస్తుంది, వేలితో నొక్కితే గోటి గుర్తు పడుతుంది. దుమ్ము, ఒక వెంట్రుక అందులోనే అతుక్కుపోయాయి. మధ్య బటన్ చుట్టూ రంగు లోపలికి కారి గట్టిపడింది. నొక్కితే దిగిపోతుంది, పైకి రాదు. రాళ్లకు సూపర్ గ్లూ వాడారు. ఆ జిగురు ఆరేటప్పుడు వచ్చే ఆవిరి పారదర్శకమైన ప్లాస్టిక్ మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. తెర అంచుల్లో ఆ మసక అలాగే ఉంది, తుడిస్తే పోవడం లేదు. ఈ పని తెలిసినవారు ముందు డొప్ప విప్పి, బోర్డును, తెరను పక్కన పెట్టి, నీటి కాగితంతో (తడిపి వాడే గరుకు కాగితం) రుద్ది, రంగు పట్టేందుకు అడుగు పూతగా ప్రైమర్ వేసి, పలచటి పూతలు ఒక్కొక్కటిగా ఆరనిస్తూ వేస్తారు. ఓపికగా అలా చేసేవారిని చూశాను, వారంటే నాకు ఎంతో గౌరవం. విప్పకుండానే పైపైన స్ప్రే కొట్టినవారికి పని తెలిసినవారన్న పేరు ఇవ్వలేను.

డబ్బు పోయినదానికంటే నన్ను భయపెట్టినది బ్యాటరీ మూత. దానికి ఉండాల్సిన స్క్రూ లేదు. రంధ్రం పూడ్చేసి మూతను జిగురు చుక్కతో నిలబెట్టారు. రెండోసారి చేతిలోకి తీసుకోగానే మూత ఊడి రెండు సెల్స్ మంచం కిందికి దొర్లాయి. మా ఇంట్లో అక్క కూతురు ఉంది, రెండేళ్లది. దొరికినదల్లా నోట్లో పెట్టుకునే వయసు. బటన్ సెల్ మింగితే గొంతులోనో అన్నవాహికలోనో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోయే ప్రమాదం ఉంది. అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. ముచ్చటపడి చేయించుకునే బొమ్మలో స్క్రూ తీసేయడం క్షమించలేని పని.

డబ్బు తిరిగి అడిగితే, "కస్టమ్ వస్తువు, వాపసు ఉండదు మేడమ్" అని ఒక్క మాట పంపి నా నంబరు బ్లాక్ చేశారు. అక్క అన్న నోరే మేడమ్ అంది. అలంకరణ కస్టమ్ కావచ్చు, అసలుదని చెప్పి నకిలీ ఇవ్వడానికి అది సాకు కాదు. ఫొటోలు, చెల్లింపు రసీదు, మాట్లాడుకున్న సందేశాలు జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాను. మీరూ సందేశాలు చెరిపేయకండి. '1997 అసలుది' అని అమ్మేవారు రాసిన ఆ ఒక్క వాక్యమే ముఖ్యమైన ఆధారం.

ఇలాంటి వంగపండు రంగు ముత్యాల ముక్క ఇప్పటికే కొని ఉంటే, అసలుదా నకిలీదా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ముందు వెనక మూతకు స్క్రూ ఉందో లేదో ఈ రోజే చూడండి. లేకపోతే సెల్స్ తీసి పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి.