14416కి ఫోన్ చేశాక

మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. దసరా సెలవులయ్యాక వాడు కంచంలో అన్నం సగం వదిలేయడం, రాత్రి రెండింటికి కూడా నిద్రపోకుండా గోళ్లు కొరుక్కోవడం చూశాను. డాక్టర్ మాట ఎత్తితే మా అత్తగారు, "ఎర్రగడ్డకి తీసుకెళ్తావా? రేపు వాడికి పిల్లనెవరిస్తారు?" అన్నారు. అక్కడున్న మానసిక వైద్యశాల కూడా ఆసుపత్రే కదా, దాన్ని మనమే తిట్టుగా మార్చేశాం. అదే నా బాధ.

వంటింటి తలుపేసుకుని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేశాను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన సర్వీసు. డబ్బులేం కట్టక్కర్లేదు, అర్ధరాత్రయినా చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడారు. కౌన్సిలర్ ముందు నన్ను ఏడవనిచ్చింది. తర్వాత, "చనిపోవాలని బాబు ఎప్పుడైనా అన్నాడా?" అని సూటిగా అడిగింది. నేను వాణ్ణి ఎన్నడూ అడగని ప్రశ్న అది. అడిగితే లేనిపోని ఆలోచన పుట్టిస్తానేమోనని భయం. "అలా ఏం కాదమ్మా, అడిగితేనే పిల్లలు మనసు విప్పుతారు" అంది.

ఆ రాత్రే అడిగాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు, నా చెయ్యి మాత్రం వదల్లేదు.

మూడో రోజు వాడే ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లాడు. నలభై నిమిషాల తర్వాత లోపలికొచ్చి, "అమ్మా, పెరుగన్నం ఉందా?" అన్నాడు.