ఒసాకాలో 8,100 యెన్ల రాత్రి, 900 యెన్ల మధ్యాహ్నం

ఒసాకాలో కట్టిన బిల్లులన్నింటిలో ఒక్కటే దాచిపెట్టాను. దాని మీద ఉన్న మొత్తం 8,100 యెన్లు. మేము డబ్బు మార్చుకున్నప్పుడు 100 యెన్లు 58 రూపాయలకు వచ్చాయి కాబట్టి సుమారు 4,700 రూపాయలు. ముగ్గురి భోజనానికి అదేమంత ఎక్కువ అని మీరు అనవచ్చు. భోజనం చేసి ఉంటే నేనూ అలాగే అనేదాన్ని.

శనివారం రాత్రి దోతోంబొరి కాలువ దగ్గర అడుగు పెట్టే చోటు లేదు. పరుగెత్తే మనిషి బొమ్మ ఉన్న గ్లికో దీపాల బోర్డు ముందు అందరిలాగే చేతులెత్తి ఫోటోలు దిగాము. అది 1935 నుంచి రూపాలు మారుస్తూ అక్కడే ఉంది. పేరున్న ప్రతి హోటల్ ముందూ బారెడు వరస. శాకాహారి అయిన మా అక్కకు ఆకలి వేస్తే మాటలు తగ్గిపోతాయి, అప్పటికి అవి తగ్గి చాలాసేపయింది. అలాంటి సమయంలో ఒక కుర్రవాడు నవ్వుతూ ఎదురొచ్చి బొమ్మలున్న ప్లాస్టిక్ అట్ట చూపించాడు. ఏ పదార్థం తీసుకున్నా 300 యెన్లే, కూర్చోవడానికి చోటుంది, శాకాహారమూ ఉంది అన్నాడు. శాకాహారం అనే మాట చెవిన పడగానే బావగారు అతని వెంట నడిచారు.

లిఫ్టులో ఐదో అంతస్తు. కూర్చున్నామో లేదో మూడు చిన్న గిన్నెల్లో ఉడికించిన ముల్లంగి తెచ్చిపెట్టారు. మర్యాద బాగుందే అనుకున్నాము. ఆరు పదార్థాలు, మూడు గ్లాసుల చల్లటి టీ చెప్పాము. వేయించిన బంగాళాదుంపలు లెక్కపెట్టుకొని తినేటన్ని వచ్చాయి. టోఫు చేప రసంలో తేలుతూ వచ్చింది. అక్క ఉప్పు వేసి ఉడికించిన పచ్చి సోయా కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది.

బిల్లును ఫోను కెమెరాతో చదివించాము. పదార్థాలు 1,800, టీలు 1,200. అక్కడికి 3,000 యెన్లు, ఒప్పుకుంటాము. ఆ ముల్లంగి గిన్నెలకు మనిషికి 550 చొప్పున 1,650. కుర్చీలో కూర్చున్నందుకు మనిషికి 700 చొప్పున 2,100. వీటన్నింటి మీద శనివారం అయినందుకు పది శాతం, సేవకు మరో పది శాతం. తిన్నది 3,000, కట్టింది 8,100.

గిన్నె సంగతిలో న్యాయంగానే మాట్లాడాలి. ఇజకయా అనే మద్యం, చిరుతిళ్ల దుకాణాల్లో కూర్చోగానే ఇచ్చే ఆ గిన్నెను ఒతోషి అంటారు. దానికి డబ్బు తీసుకోవడం అక్కడి ఆచారమే. మామూలుగా మూడు నాలుగు వందల యెన్లు ఉంటుంది, దాని మీద నాకు పేచీ లేదు. కుర్చీకీ శనివారానికీ వేసిన అద్దె మాటేమిటని బావగారు అడిగితే, గల్లాపెట్టె దగ్గరి మనిషి అట్టను వెనక్కి తిప్పి, చీమ తలకాయంత అక్షరాల మీద వేలు పెట్టాడు. జపనీస్‌లో. కింద నుంచి పిలుచుకొచ్చిన కుర్రవాడు మాత్రం మాతో ఇంగ్లీషులోనే మాట్లాడాడు.

వీధిలో ఇలా మనుషులను పట్టుకోవడాన్ని నగరపాలకులు చాలాచోట్ల నిషేధించారు, ఆ సంగతి చెప్పే బోర్డులు ఆ వీధిలోనే ఉన్నాయి. కాబట్టి దోతోంబొరిలో ఎవరు పిలిచినా వెళ్లకండి. వరస ఎంత పొడవున్నా నిలబడండి. ఇజకయాకే వెళ్లాలనుకుంటే కూర్చోకముందే ఒతోషి ఎంత, కుర్చీకి ఎంత అని అడగండి. నంబాలోని మా హోటల్ గది ఎంత ఇరుకంటే, రెండు పెట్టెలు ఒకేసారి తెరవలేము. ఆ రాత్రి పదకొండు గంటలకు మంచం మీద కూర్చొని అక్క ఇంటి నుంచి తెచ్చిన జంతికలు తిన్నాము. బావగారు ఒక్కటీ ముట్టలేదు.

శాకాహారులకు అసలు చిక్కు వీధి మోసం కాదు, దాషి. ఇది అక్కడి వంటలకు ఆధారమైన రసం. ఉత్తరాన ఉన్న హొక్కైదో ద్వీపం నుంచి ఓడల్లో వచ్చే కొంబు అనే సముద్రపు నాచుకు ఒసాకా ఒకప్పుడు పెద్ద మార్కెట్టు, ఆ రుచి ఈ ఊరి వంటలో నిలిచిపోయింది. నాచుతో ఆగితే అక్క హాయిగా తినేది. కానీ ఎండబెట్టి పొగ పట్టించిన బోనిటో చేప తురుము కూడా అందులో పడుతుంది. ఉడాన్ నూడుల్స్ రసంలో, పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మీసో సూపులో, టెంపురా అనే జపనీస్ బజ్జీలు ముంచుకునే గిన్నెలో కంటికి కనబడదు, కానీ ఉంటుంది.

అందుకే మరుసటి మధ్యాహ్నం గురించి ఇంత వివరంగా రాస్తున్నాను. తెంజింబషిసుజి అని రెండున్నర కిలోమీటర్లకు పైగా సాగే పైకప్పున్న బజారు వీధి ఉంది. దాని పక్క సందులో ఎనిమిది పీటలున్న ఒకొనోమియాకి దుకాణం. క్యాబేజీ, పిండి, గుడ్డు కలిపి ఇనుప పెనం మీద మందంగా కాల్చే అట్టు అది. నడిపే ఆవిడకు డెబ్బై దాటి ఉంటాయి. మాంసం, చేపలు తినను, గుడ్డు, పాలు తింటాను అని జపనీస్‌లో రాసిన కాగితాన్ని అక్క అందించింది. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకొని చదివి, లోపలికి వెళ్లి పిండి పొట్లం తెచ్చింది. అందులో ఒక వరస మీద వేలు పెట్టి, అరచేతిని నీళ్లలో చేపలా కదిపి చూపించి, తల అడ్డంగా ఊపింది. పిండిలోనే దాషి పొడి కలిసి ఉంటుందన్నమాట. సరే అని లేవబోతే, కూర్చోమని సైగ చేసింది.

మామూలు గోధుమ పిండి తీసి, నీళ్లు, గుడ్డు, తురిమిన నగాఇమో దుంప, ఉప్పు వేసి కలిపింది. పెనంలో ఒక మూల గరిటెతో గీకి, తడిగుడ్డతో రెండుసార్లు తుడిచింది. క్యాబేజీ కలిపిన పిండిని అక్కడ పోసి, దాన్ని ఎక్కడా నొక్కకుండా అంచులు మాత్రం సర్దుతూ పోయింది. తిప్పేటప్పుడు రెండు గరిటెలతో ఒక్క విసురు. పైన రాసే తియ్యటి సాస్ సీసా చేతిలోకి తీసుకుని, దాని చీటీ కూడా చదివి, పక్కన పెట్టేసింది. బదులుగా సోయా సాస్, మయొనీస్ ఇచ్చింది. నా పంది మాంసం అట్టు మీద బోనిటో రేకులు చల్లితే, ఆవిరికి అవి ప్రాణమున్నట్టు మెలికలు తిరిగాయి. అక్క పీట కాస్త అటు జరుపుకుంది గానీ తినడం ఆపలేదు. చిన్న ఇనుప గరిటెతో పెనం మీద నుంచే కోసుకుని ఆఖరి ముక్క దాకా తింది. అట్టు 900 యెన్లు, గోడ మీద రాసిన ధరే. బావగారు అక్కడ మొదటిసారి నవ్వారు.

తకోయాకి సంగతికొస్తే, మన గుంతపొంగనాల పెనం లాంటిదే, లోపల ఆక్టోపస్ ముక్క. 1935లో ఐజుయా అనే ఒసాకా దుకాణంలో పుట్టిందంటారు. బయట గట్టిపడి లోపల సలసలా కాగుతూ ఉంటుంది, కొరికే ముందు పుల్లతో పొడిచి ఆవిరి పోనివ్వండి. బావగారి నాలుక రెండు రోజులు రుచి తెలియకుండా పోయింది.

షిన్‌సెకాయ్ అనే పేటలో త్సూతెన్‌కాకు గోపురం కింద కుషికత్సు తిన్నాము. పుల్లలకు గుచ్చి రొట్టె పొడి అద్ది వేయిస్తారు, పుల్ల 120 నుంచి 200 యెన్లు. అందరికీ ఒకే సాస్ డబ్బా ఉన్నచోట కొరికిన పుల్లను మళ్లీ ముంచకూడదు, ఇది ఒసాకాలో చట్టంతో సమానం. తామర దుంప, ఎర్ర అల్లం పుల్లలు బాగున్నాయి. మాంసం వేగిన నూనెలోనే కూరగాయలూ వేగుతాయి, ఆ తీర్పు ఎవరిది వారే చేసుకోవాలి. అక్క వద్దంది.

ఒసాకా కోటకు 1583లో హిదెయోషి అనే యుద్ధనాయకుడు పునాది వేశాడు గానీ, ఇప్పుడు మనం చూసే శిఖరం 1931 నాటి కాంక్రీటు కట్టడం, లోపల లిఫ్టు ఉంది. టికెట్టు 1,200 యెన్లు. చరిత్ర చెప్పే బోర్డులు చదివే ఓపిక లేనివాళ్లు లోపలికి వెళ్లక్కర్లేదు. డబ్బులు అడగని గోడలే నాకు నచ్చాయి. సకురామోన్ ద్వారం దగ్గర వంద టన్నులు దాటుతుందని అంచనా వేసే ఒకే రాయి ఉంది. దాని పేరు ఆక్టోపస్ రాయి, ఈ ఊళ్లో దాన్నుంచి ఎక్కడా తప్పించుకోలేము.

పట్టీ మీద తిరిగే సూషీ 1958లో ఈ నగరం పక్కనున్న హిగాషి ఒసాకాలో మొదలైంది. బీరు కర్మాగారంలో సీసాలు పట్టీ మీద నడవడం చూసిన యజమానికి ఆ ఆలోచన వచ్చిందట. ఊరూరా శాఖలున్న సూషీ హోటళ్లలో ప్లేటు 120 యెన్ల నుంచి దొరుకుతుంది, ముగ్గురమూ కడుపునిండా తింటే 3,400 అయింది. అక్కకు దోసకాయ చుట్టలు, మొక్కజొన్న సూషీ. బల్ల దగ్గరి నల్లాలో వచ్చేది టీ కోసం మరిగిన నీళ్లు, చేతులు కడగబోకండి.

అదే 1958లో ఒసాకా దగ్గరి ఇకెదా పట్టణంలో ఇంటి వెనక పాకలో మొమొఫుకు ఆందో మొదటి ఇన్‌స్టంట్ నూడుల్స్ చేశాడు. ఇప్పుడక్కడ కప్ నూడుల్స్ మ్యూజియం ఉంది, ఒసాకాలోని ఉమెదా స్టేషను నుంచి హన్‌క్యూ రైల్లో ఇరవై నిమిషాలు. ప్రవేశం ఉచితం. 500 యెన్లు పెడితే కప్పు మీద మన బొమ్మ మనమే వేసుకుని, సూపు, పైన వేసే నాలుగు రకాలు ఎంచుకోవచ్చు. అక్కకు తినదగిన సూపు ఒక్కటీ లేదు. అయినా కప్పు చుట్టూ మిరపకాయలు గీస్తూ ముప్పావు గంట కూర్చుంది, బావగారికి ఇవ్వడానికట. వెళ్లేవాళ్లు మంగళవారం వెళ్లకండి, మూసి ఉంటుంది.